మా నాయనకు పదకొండు రోజులు చూపు పోగొట్టిన వైనం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మా నాయనకు పదకొండు రోజుల పాటు చూపు పోగొట్టింది నేనే. కొట్టలేదు, గిల్లలేదు, కంట్లో కారం చల్లలేదు. దేవుడి గూట్లోని గంధం గిన్నె తెచ్చి, ఉంగరపు వేలితో, ఎంతో భక్తిగా ఆ పని చేశాను. నా డైరీలో ఆ రోజు పేజీ తీసి చూస్తే "ఆయుధపూజ బాగా జరిగింది, వడలు మెత్తగా వచ్చాయి" అని మాత్రమే ఉంటుంది. అబద్ధాలు రాసుకోవడానికి డైరీ ఎందుకమ్మా అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో అందరికీ చదువు వచ్చు, నా డైరీకి తాళం లేదు. ఇంకేం చెయ్యను?

నాయన పోయి ఏడాది దాటింది. ఇక నొచ్చుకునేవాళ్ళు లేరు కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

మా నాయన పేరు నంజుండప్ప. హిందూపురంలో పాత మనుషులకు ఆపరేటర్ నంజుండప్ప అంటేనే తెలుస్తుంది. వయసులో ఉన్నప్పుడు గుడిబండ నుంచి ముదిగుబ్బ దాకా పల్లెపల్లెకూ డేరా సినిమాతో తిరిగాడు. తర్వాత పెనుకొండలో ఒక థియేటర్లో ఇరవై ఏళ్ళకు పైగా ప్రొజెక్టర్ మిషన్ తిప్పాడు. అక్కడికి కంప్యూటర్ బొమ్మ వచ్చాక పెద్ద మిషన్లు పాత ఇనుము కింద పోయాయి, నాయన ఇంటికొచ్చాడు. డేరా రోజుల నాటి చిన్న మిషన్ ఒక్కటే ఆయనకు మిగిలింది. ట్రంకుపెట్టె అంత ఉంటుంది. దాన్ని మా వెనకగదిలో బల్ల మీద పెట్టి, నన్ను, మా అమ్మను చూసుకున్నదానికంటే కొంచెం ఎక్కువగానే చూసుకున్నాడు.

ఆదివారం వస్తే మిషన్‌కు తలంటు. పంటి బ్రష్షుతో గేటు తోమాలి. గేటంటే ఫిలిం జారిపోయే సన్నటి ఇనుప సందు, దాని వెనకనుంచే వెలుగు వస్తుంది. పళ్ళచక్రాలకు చుక్క చుక్కగా నూనె వెయ్యాలి, చంటిబిడ్డ చెవిలో వేసినట్టు. బెల్టు బిగువు వేలితో నొక్కి చూడాలి. ఫిలిం ఎక్కించేటప్పుడు గేటుకు పైన ఒక వంపు, కింద ఒక వంపు వదులుగా వదలాలి. వాటిని లూపులంటారు. లూపు ఉంటే బొమ్మ నిలబడుతుంది, పోతే గంగవెర్రులెత్తుతుంది. ఇవన్నీ నేను డైరీలో నంబర్లు వేసి రాసుకున్నాను. మనుషులతో మాట్లాడాలంటే నాకు నాలుక మడత పడుతుంది గాని, రాయమంటే ఎంతైనా రాస్తాను. నాయన కూడా మాటలు తక్కువ మనిషే. మా ఇద్దరి మధ్యా వారానికి ఒకసారి నడిచే సంభాషణంతా "నూనె", "బ్రష్షు", "ఆ గుడ్డ ఇట్లియ్యి" అనేదే. కానీ ఆ మూడు మాటల కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

అద్దం మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. మిషన్ ముక్కుకు ఉండే లెన్సు అద్దం అది. స్పిరిట్టుతో, బాగా ఉతికి మెత్తబడిన పాత పంచెగుడ్డతో తానే తుడిచేవాడు.

మా దగ్గర ఉండేది ఒకే ఒక్క రీలు. మొదలూ లేదు, చివరా లేదు, సినిమా పేరేమిటో నాయనకే గుర్తులేదు. నలుపు తెలుపు బొమ్మ. ఒకామె రైల్వే ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె పక్కన నిలబడి ఉంటుంది. రైలు వస్తుంది. ఎవరో దిగుతారు. ఆమె తల తిప్పబోతుంది, అంతలో రీలు అయిపోతుంది. దిగింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. డైరీలో మాత్రం పందొమ్మిది రకాలుగా రాసుకున్నాను.

ఇక నేరం దగ్గరికి వద్దాం. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, డిగ్రీ చదువుతున్నాను. ఏటా ఆయుధపూజ నాడు మిషన్‌కు బొట్లు పెట్టి, చేమంతి దండ వేసి, నలుగురు మనుషులను పిలిచి ఆ రీలు ఆడించడం మా ఇంటి ఆచారం. ఆ ఏడు నాయన పొద్దున్నే నన్ను పిలిచాడు.

"పాపా, ఈసారి పూజ నువ్వే చెయ్యి. అద్దం గూడా నువ్వే తుడువు."

నాకు డిగ్రీ పట్టా అప్పుడే చేతికిచ్చినట్టు అయింది. అద్దం నాకు! స్పిరిట్టుతో తళతళలాడించాను. అంతటితో ఆపి ఉంటే ఈ కథ లేదు. బొట్లు పెట్టాలి కదా, పుస్తకాలు చదివిన బుర్ర ఊరుకోలేదు, ఆలోచించింది. సైకిలుకు హ్యాండిల్ మీద పెడతాం, బీరువాకు తలుపు మీద పెడతాం, మరి ఈ మిషన్‌కు ప్రాణం ఎక్కడుంది? వెలుగు బయటికి వచ్చేచోట! గంధం చిక్కగా తీసి, అద్దం నడిమధ్యన రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, దాని మీద కుంకుమ అద్దాను. చూసుకుని మురిసిపోయాను. కంటి లోపల బొట్టు పెట్టిన భక్తురాలు భూమ్మీద నేనొక్కతినే అయ్యుంటాను.

ఇది మొదటి తప్పు. రెండోది అంతకు ముందురోజే చేసి ఉంచాను.

ఉగాదికి నాయన ఇదే రీలు ఆడించినప్పుడు, మా సాకమ్మత్త, అంటే నాయన చెల్లెలు, "బొమ్మ గాలికి చింతకొమ్మ ఊగినట్ల ఊగతాండాదే అన్నా" అని నవ్వింది. నాయన ఆ పూట అన్నం తినలేదు. ఈసారి అట్లా కాకూడదని, నోటితో చెప్పే ధైర్యం లేక చీటీలు రాశాను. "దయచేసి బొమ్మ ఎట్లా ఉన్నా, నాయన అడిగితే బాగుందనే చెప్పండి." అత్తకొకటి, పక్కింటి సూర్యనారాయణ సారుకొకటి, అమ్మకొకటి. రిటైరైన తెలుగు మాస్టారు కాబట్టి సారు 'దయచేసి' తర్వాత ఎర్రసిరాతో ఒక కామా పెట్టి తిరిగిచ్చాడు.

అమ్మ చీటీ చదివి నా మొహం చూసింది. "ఏందిమే ఇది? మొగుడికి బాగుందని చెప్పేదానికి నాకు చీటీ కావాల్నా? పెండ్లైన కాడినుంచి అదే పనిలో ఉండా గదా!"

మధ్యాహ్నం కిటికీలకు కంబళ్ళు వేలాడదీసి గదిని చీకటి చేశాం. నాయన కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. "దండ తీసెయ్యి పాపా, ఎక్కిస్తా" అన్నాడు. దండ తీస్తుంటే అద్దం మీద బొట్టు నన్ను చూసింది. అప్పుడు వెలిగింది నా బుర్ర, ఇక్కడినుంచి కదా బొమ్మ పోవాల్సింది అని! స్పిరిట్టు సీసా నాయన పక్కన ఉంది. అడిగితే ఎందుకంటాడు. గబుక్కున చున్నీ చెంగుతో గుండ్రంగా నాలుగు రుద్దులు రుద్దాను. ఆ చీకట్లో నాకు శుభ్రంగానే కనిపించింది. ఆ చున్నీతోనే పొద్దున వడలు తీసిన నూనె చేతులు తుడుచుకున్నానన్న సంగతి మీకు చెప్పకపోయినా నష్టం లేదు, కానీ నిజం చెప్పడానికి కూర్చున్నాను కదా.

నాయన వేళ్ళతోనే తడుముకుంటూ ఫిలిం ఎక్కించి స్విచ్చి వేశాడు. గోడ మీద వెలుగు పడింది. వెలుగే పడింది, బొమ్మ పడలేదు. ప్లాట్‌ఫారం లేదు, ఆమె లేదు, తెల్లారిజామున మంచు దిగిన పెనుకొండ కొండ మాదిరి ఏదో మసక. అందులో ఒక గడ్డపెరుగు ముద్ద కదులుతోంది. అది రైలు.

నాయన అద్దాన్ని ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఆపి బల్బు మార్చాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ పెరుగే. ఆపి గేటు తెరిచి తోమాడు. అప్పుడు నావైపు తిరిగాడు.

"అద్దం తుడిచినావా పాపా?"

"తుడిచినా నాయనా."

"దేంతో?"

"గుడ్డతో నాయనా."

న్యాయస్థానంలో నిలబెట్టినా ఈ రెండు జవాబుల్లో అబద్ధం దొరకదు. నాయన తల ఊపాడు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం. మూడోసారి స్విచ్చి వేసి, గోడ వైపు చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"ఏం సార్, బొమ్మ ఎట్లుండాది?"

సారు నావైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు. "బ్రహ్మాండం నంజుండప్పా!"

"సాకమ్మా?"

"బాగుండాదన్నా. అద్దం మాదిరి ఉండాది" అంది అత్త, కండ్లు చికిలించుకుంటూ.

"నీకేమే?"

"బాగుంది, బాగుంది" అంది అమ్మ, వంటింటి గుమ్మంలోంచి, గోడ వైపు చూడకుండానే.

"పాపా, నువ్వు చెప్పు. ఆ యమ్మ మొగం తెలుస్తాందా?"

చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని నా లోపల ఎవరో వీపు మీద గుద్దుతున్నారు. నా నోరు తెరుచుకుంది. అందులోంచి వచ్చిన మాట ఇది. "తెలుస్తాంది నాయనా."

నాయన స్విచ్చి తీసేశాడు. మిషన్ చప్పుడు ఆగాక అన్నాడు. "అయితే సరే. నా కండ్లే ఇంగ."

అంతే. కోపం లేదు, విసుగు లేదు. మిషన్ మీద కంబళి కప్పి, దాన్ని తాడుతో కట్టి, ఆ గదిలోనే మంచం వేసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, వయసుతో వచ్చేదే, భయం లేదు అని చుక్కల మందు రాసిచ్చాడు. భయం లేదన్న మాట నాయన నమ్మలేదు. ఆ మర్నాటి నుంచి ఆయన నడకే మారిపోయింది. ముప్పై ఏళ్ళుగా తిరిగిన ఇంట్లో గోడలు పట్టుకుని నడవసాగాడు. అన్నంలో రాయి ఉందేమో చూడమని అమ్మను అడిగాడు. అల్లంత దూరంలో పోయే బస్సు మీది ఊరిపేరు చదివే మనిషి, ఎదురుగా ఉన్న గడియారం చూసి "టైమెంతయింది పాపా?" అనేవాడు.

చెప్పేద్దామని ప్రయత్నించలేదనుకోకండి. ఆయన స్నానానికి పోయినప్పుడు తాడు విప్పి అద్దం తుడుద్దామని చూశాను. డేరాలు కట్టిన చేతులు వేసిన ముడులవి, గోళ్ళు విరిగాయి గాని ముడి కదల్లేదు. అప్పుడు నాకు చేతనైన ఒకే ఒక్క పని చేశాను. ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. "పూజ్యులైన నాయనగారికి" అని మొదలుపెట్టి, గంధం, చున్నీ, వడల నూనె, చీటీలు అన్నీ ఒప్పుకుని, ఆయన కళ్ళజోడు కింద పెట్టి, తలుపు చాటున దాక్కున్నాను.

నాయన వచ్చాడు. కాగితాలు చేతికి తగిలాయి. కండ్లకు దగ్గరగా పెట్టుకుందామని చెయ్యెత్తి, మళ్ళీ దించేశాడు. "పాపా! ఇదేందో చదివి చెప్పు రా. నాకు యాడ కనపడతాది?"

నా నేరాన్ని నా గొంతుతో, ఆయన ఎదుట నిలబడి చదవాలి! కాగితాలు నాలుగు మడతలు పెట్టాను.

"గ్యాసు వాళ్ళ కాగితం నాయనా."

"ఇంత పెద్దదా?"

"రూల్సు మార్చినారంట నాయనా."

పదకొండో రోజు వాకిట్లో టెంపో ఆగింది. దిగిన మనిషి పేరు చౌడప్ప. ధర్మవరం అవతల, బత్తలపల్లి దగ్గర హోటల్ నడుపుతాడు. మిషన్ తీసుకుపొమ్మని నాయనే ఎవరితోనో కబురు పెట్టాడని అప్పటిదాకా మాకు తెలియదు.

"మా హోటల్ ముందర పెడతా అప్పా" అన్నాడు చౌడప్ప ఉత్సాహంగా. "ఒక పక్క పాత మగ్గం పెట్టినా, ఇంకో పక్క ఎద్దులబండి చక్రం. నడాన ఇది ఉంటే జనం ఫోటోలు దిగతారు. సాయంత్రమైతే దీనికి లైట్ల దండ గూడా వేస్తా!"

"తీసుకపో" అన్నాడు నాయన. "చూడలేనోడి కాడ ఉండేదానికంటే ఆడ నలుగురి కంట్ల పడతాది."

"ఒకసారి తిరిగేది చూపియ్యప్పా, ఫోన్లో పట్టుకుంటా."

నాయన తాడు ముడులు విప్పాడు, ఒక్కొక్కటి ఒక్క లాగుతో. "పాప చూపిస్తాది" అని, వసారాలోకి పోయి, మాకు వీపు పెట్టి వీధివైపు కూర్చున్నాడు.

గదిలో నేను, మిషన్, చౌడప్ప ఫోను. కంబళ్ళు మళ్ళీ కిటికీలకెక్కాయి. అద్దం విప్పి గుమ్మం వెలుతురులో పెట్టి చూశాను. పసుపు రంగు పొర, దాని మీద నా నాలుగు రుద్దులూ గుండ్రంగా, నేల అలికినట్టు. స్పిరిట్టు పోసి పంచెగుడ్డతో తుడుస్తుంటే నా కన్నీళ్ళూ దాని మీదే పడ్డాయి, మళ్ళీ తుడవాల్సి వచ్చింది. ఇక బొమ్మ కనిపిస్తుంది. కానీ చూడాల్సిన మనిషి వీధిలో పోయే గొర్రెల మందను చూస్తున్నాడు. రా నాయనా అని పిలవాలి. పిలిస్తే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. పిలవకుండానే ఫిలిం ఎక్కించి స్విచ్చి వేశాను.

నా జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఎక్కించిన ఫిలిం అది. డైరీలో ఏడో నంబరు కింద "కింది లూపు రెండు వేళ్ళ వదులు" అని నా చేత్తోనే రాసుకున్నాను. ఆ కంగారులో నేను వదిలింది వెంట్రుక వాసి. మిషన్ రెండు క్షణాలు బాగానే తిరిగి, తర్వాత రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు కటకటమంది. గోడ మీద ప్లాట్‌ఫారం, ఆమె, ట్రంకుపెట్టె అన్నీ ఒకదాని మీద ఒకటి ఎగురుతున్నాయి.

"వాహ్, ఇది బలే ఉంది!" అన్నాడు చౌడప్ప.

వసారాలోంచి ఒక అరుపు వచ్చింది. నాయన అంత గట్టిగా అరవడం నేను ముందెప్పుడూ వినలేదు.

"కింద లూపు! పాపా, కింద లూపు పాయె! ఆపు, ఫిలిం తెగతాది!"

ఆ అరుపు వెనకే ఆయనా వచ్చాడు. గోడలు పట్టుకోలేదు. గడప తడుముకోలేదు. ఒక కాలికే చెప్పుంది. నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, ఆపి, వేలు దూర్చి లూపు సరిచేసి, స్విచ్చి వేసి, నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ తలెత్తి గోడ వైపు చూశాడు.

ఆమె నిలబడి ఉంది. ముక్కుపుడక మెరుస్తోంది. ట్రంకుపెట్టె మూలన ఊడిన రేకు కూడా కనిపిస్తోంది. రైలు వచ్చింది. ఎవరో దిగారు. ఆమె తల తిప్పబోయింది. రీలు అయిపోయి తోక పటపట కొట్టుకుంటున్నా నాయన ఆపలేదు.

"పాపా."

"నాయనా."

"ఆ యమ్మ చెంప మీద పుట్టుమచ్చ ఉండాది." "కనపడతాండాది పాపా నాకు."

ఇదిగో, చెప్పాల్సిన క్షణం ఇదే. ఊపిరి పీల్చుకున్నాను. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే, వాకిట్లో టెంపో చూసి వచ్చిన సాకమ్మత్త గుమ్మంలో నిలబడి చేతులు చరిచింది.

"చూస్తివా అన్నా! చుక్కల మందు పని చేసె!"

"ఏం మందప్పా అది?" చౌడప్ప ఫోను నాయన మొహం మీదికి తిప్పాడు. "మా అత్తకు గూడా చానా దినాల నుంచి మసకంట. పేరు చెప్పప్పా!"

నాయన అప్పటికే దేవుడి గూట్లోంచి ఆ సీసా తెచ్చాడు. కండ్లకు అద్దుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను.

చౌడప్ప మిషన్ కోసం వచ్చి మందు పేరు రాసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత నాయన ఆ మందుకు చేసిన ప్రచారం ఓట్లకు నిలబడినవాళ్ళు కూడా చెయ్యరు. ఎవరు కండ్లు నలుపుకున్నా వదిలేవాడు కాదు. కడకు డాక్టరే కబురు పంపాడు, నంజుండప్ప చెప్పాడని వచ్చేవాళ్ళతో వరండా నిండిపోతోంది, కాస్త ఆపమనండి అని. నాయన ఆపలేదు. ఆదివారం తలంటు మళ్ళీ మొదలైంది. మొదట మిషన్‌కు నూనె చుక్కలు, తర్వాత నాయనకు మందు చుక్కలు. రెండూ నేనే వేసేదాన్ని. సంతోషంగా మెడ వెనక్కి వాల్చి కూర్చునే మనిషికి, నీకు ఏ రోగమూ రాలేదు నాయనా, నా చున్నీ వచ్చింది అని ఎట్లా చెప్పను?

కాబట్టి పాఠకుల సాక్షిగా, నా డైరీ సాక్షిగా, ఎడమచేయి స్పిరిట్టు సీసా మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ప్రాణమున్నంతవరకు వెలుగు వచ్చే దారికి బొట్టు పెట్టను. చున్నీతో చేతులు తప్ప మరేదీ తుడవను. ఎవరినీ బాగుందని చెప్పమని బతిమాలను. వంకరగా ఉన్న బొమ్మను వంకరగా ఉందనే అత్తలను ఇకనుంచి గౌరవిస్తాను.

ఇప్పుడు నేను రోజూ రైల్లో ధర్మవరం పోయి ఉద్యోగం చేసుకుని వస్తున్నాను. ఆదివారం మిషన్ పని మానలేదు. మొన్న ఒకసారి కావాలనే కింది లూపు చిన్నదిగా వదిలి తిప్పాను. గులకరాళ్ళ చప్పుడు ఇల్లంతా వినిపించింది. చాలాసేపు అట్లాగే తిరగనిచ్చి వసారా వైపు చూస్తూ కూర్చున్నాను. అమ్మ వచ్చి స్విచ్చి తీసేసి పోయింది.

నాయన చివరి నెల మంచంలోనే గడిచింది. ఉబ్బసం ముదిరి, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, మిషన్ తిప్పమని చేత్తో సైగ చేశాడు. ఫిలిం వద్దన్నాడు, లైటూ వద్దన్నాడు, ఉత్త చప్పుడు చాలట. తిప్పాను. ఆయన కండ్లు మూసుకుని వింటున్నాడు. చూసేవాళ్ళు లేరు, సాకమ్మత్త లేదు, చీటీలు లేవు. ఇంత మంచి అదను నాకిక దొరకదనిపించింది. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నాయనా, నీకొకటి చెప్పాల. ఆ ఆయుధపూజ నాడు, నీ కండ్లకు..."

చెయ్యి విడిపించుకుని వేలు పైకెత్తాడు, ఆగు అన్నట్టు. మిషన్ వైపు చెవి పెట్టాడు.

"బెల్టు జారతాంది, ఇనపల్యా? ముందు దాన్ని చూసిరా పో."